ముప్పై లీటర్ల లోటు

మూడూ పది అయింది. ఐదింటికి పోలీసులు లారీని ఓనరుకి అప్పగించేస్తారు. ఆరింటికల్లా పాతసామాను వాళ్ళు గ్యాస్ కట్టర్లతో వచ్చి దాన్ని ముక్కలు ముక్కలుగా కోసి పట్టుకుపోతారు. అంటే మిల్లీమీటరు గారి చేతిలో మిగిలింది గంటా యాభై నిమిషాలు.

ఆయన అసలు పేరు ఆయన భార్యకే ఒక్కోసారి చటుక్కున గుర్తుకు రాదు. ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై ఆరేళ్ళు ప్రమాదాలు కొలిచిన మనిషి. టేపు తీయకుండా మాట నమ్మడు, మాట నమ్మినా టేపు తీస్తాడు. తోటివాళ్ళు విసుగెత్తి పెట్టిన పేరు అది. రిటైరయ్యాక సొంతంగా దర్యాప్తులు చేస్తున్నా ఆ పేరు వదల్లేదు. మోకాలి నొప్పీ, ముక్కు మీద కోపమూ కూడా వదల్లేదు.

షెడ్డు మధ్యలో పోలీసు తాడు కట్టి ఉన్న లారీకి ఇరవై మూడేళ్ళు. అందులో పంతొమ్మిదేళ్ళు దాన్ని ఒక్కడే నడిపాడు. పదకొండు రోజుల కిందట, పొద్దున ఆరూ నలభైకి, ఆ డ్రైవరు అదే లారీ కింద తల పగిలి పడి ఉన్నాడు. పక్కన డబ్బా, చేతి దగ్గర స్పానరు, కాస్త దూరంలో పక్కకి ఒరిగిన జాకీ. పోలీసులు అరగంటలో తేల్చేశారు. నెలన్నరగా డీజిలు దొంగిలిస్తున్నాడు, ఆ రోజు కూడా ట్యాంకు కింది బోల్టు విప్పుతుండగా జాకీ జారింది, పోయాడు.

డ్రైవరు భార్య ఆ మూల బల్ల మీద సంచీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. వారం కిందట తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మిల్లీమీటరు గారింటికి వచ్చినప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే.

"పోయిన మనిషిని మీరు తేలేరు, నాకు తెలుసు. దొంగ అన్న మాట ఒక్కటి తీసేయించండి. మా పాపని బళ్ళో ఆ మాటతోనే పిలుస్తున్నారండీ."

ఆ మాట విన్నాక ఆయనకి రెండు రోజులు అన్నం సయించలేదు.

"మేస్త్రీ, ఇలా రా," అన్నారాయన. షెడ్డు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దవాడు, మాట తక్కువ. "ఈ బండి మైలేజీ మెల్లగా పడిపోయిందా, ఒక్కసారిగా పడిపోయిందా?"

"ఒక్కసారిగానండీ. పోనూ రానూ నాలుగొందల కిలోమీటర్లు. ఎప్పుడూ ఎనభై లీటర్లు తాగేది. ఒక ట్రిప్పుకి నూట పది తాగింది. ఆ తర్వాత ఏడు ట్రిప్పులూ అంతే."

"ముసలి ఇంజను తాగుడు మరిగితే మెల్లగా మరుగుతుంది. ఒక్క రోజులో కాదు. నువ్వేం చూశావు?"

"ముందు ఎయిర్ ఫిల్టరు తీశానండీ. శుభ్రంగా ఉంది. ఇంజెక్టర్లు విప్పి కడిగించాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని ఒక రోజు తెల్లారకముందే వచ్చి, డ్రైవరు రాగానే నాలుగు హబ్బులూ చెయ్యి పెట్టి చూశాను, ఏదీ కాలడం లేదు. క్లచ్చు జారడం లేదు. టైర్లలో గాలి సరిపోయింది. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. పొగ కూడా మామూలుగానే ఉందండీ. ముప్పై లీటర్లు ఎక్కువ తాగే ఇంజను నల్లగా కక్కాలి కదా! నాకైతే బుర్ర పని చేయలేదు."

"చూడమని నిన్ను అడిగిందెవరు?"

"ఇంకెవరు, అతనే. ప్రతి ట్రిప్పుకీ నా ప్రాణం తీసేవాడు. 'మేస్త్రీ, నా బండికి జబ్బు చేసింది, పట్టించుకోవేం' అని."

"దొంగ తన దొంగతనాన్ని వెతకమని నీ వెంటపడతాడా?"

సమాధానం షెడ్డు మేనేజరు నుంచి వచ్చింది. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, వేలికి కారు తాళాల గుత్తి. మాట్లాడుతున్నంతసేపూ ఆ గుత్తిని గలగలమంటూ తిప్పుతూనే ఉంటాడు.

"అదేనండీ నాటకం. తన మీద అనుమానం రాకూడదని తనే ముందు గోల చేశాడు. ఇంజను బాగుంది, ట్యాంకు బాగుంది, డీజిలు మాయం. ఇందులో పరిశోధించడానికి ఏముంది?"

"ముప్పై లీటర్లు ఉంది. శవాన్ని ముందు చూసింది మీరే కదూ?"

"అవును. ఆరూ నలభైకి వచ్చాను. లారీ ఐదూ ఐదుకి వచ్చినట్టు గేటు పుస్తకంలో ఉంది. మేస్త్రి ఎనిమిదికి గానీ రాడు. జాకీ జారిపోయి ఉంది, ఇతను కింద ఉన్నాడు. వెంటనే పోలీసులకి ఫోను చేశాను."

మిల్లీమీటరు గారు నోటుబుక్కులో టైములు రాసుకున్నారు. ఆయన పుస్తకంలో మాటల కన్నా టైములే ఎక్కువ.

మూడూ ఇరవై రెండుకి జీపు చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. చేతిలో మూరెడు పొడుగు బెత్తం లాంటి కర్ర, దాంతో బూటు మీద కొట్టుకుంటున్నాడు. రెండేళ్ళ కిందట గోడౌన్ తగలబడిన కేసులో ఇతను పట్టుకొచ్చిన ముద్దాయి అమాయకుడని మిల్లీమీటరు గారు ఒక కిటికీ చువ్వ కొలిచి తేల్చేశారు. అప్పట్నుంచీ ఈయన్ని చూస్తే అతనికి ఒళ్ళు మండుతుంది.

"ఇంకా కొలతలు అవలేదా సార్? ఐదింటికి నేను సంతకం పెట్టేస్తాను. మీకోసం ఒక్క నిమిషం కూడా ఆగను."

"సంతకం పెట్టాక తప్పని తెలిస్తే?"

"తెలియదు. ఎందుకంటే తప్పు లేదు. తాగినవాణ్ణి తాగాడంటాం, దొంగిలించినవాణ్ణి దొంగంటాం. వాళ్ళావిడ ఏడ్చిందని చట్టం మారిపోదు."

బల్ల మీది ఆవిడ మొహం తిప్పుకుంది. మిల్లీమీటరు గారికి చర్రుమంది. కానీ నోరు జారేలోపు ఆయన చూపు ఆ కర్ర మీద పడింది.

"అది ఎక్కడిది?"

"ఇదా? ఈ లారీలోనే, సీటు కింద దొరికింది. పంచనామాలో 'కర్ర ఒకటి' అని రాయించాం కూడా. వీపు గోక్కోవడానికి బాగుంది."

"అది ఆయనదండీ!" డ్రైవరు భార్య గబుక్కున లేచి వచ్చింది. "ఆయన కొలత కర్ర."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆగిపోయింది. మిల్లీమీటరు గారు కర్ర తీసుకుని కిటికీ వెలుగులోకి తిప్పారు. డీజిలు తాగి నల్లబడిన వెదురు. ఒక పక్క కాల్చిన మేకుతో పెట్టిన చుక్కలు, సమానమైన ఎడంలో. ఇంకో రెండు పక్కలా కత్తితో పెట్టిన కొత్త గాట్లు.

"చెప్పమ్మా."

"బండిలో డీజిలు ముల్లు పాడైపోయి పదేళ్ళయిందండీ. ఆయన ఈ కర్ర ట్యాంకులో ముంచి చూసుకునేవాడు. చుక్కకి పది లీటర్లు. గాట్లు మాత్రం ఈ మధ్యే మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, 'నేను మెలకువగా ఉన్నప్పుడు బండి సరిగ్గానే తాగుతోందే, నేను పడుకున్నప్పుడే తాగుతోంది' అన్నాడు. నాకు అర్థం కాలేదు. కోప్పడ్డాను కూడా."

"పడుకునేది ఎక్కడ?"

మేస్త్రి అందుకున్నాడు. "సరుకు దించే గోడౌన్ దగ్గరండీ. పొద్దున ఆరింటికి ఇక్కణ్ణుంచి బయల్దేరితే పన్నెండుకి అక్కడ దిగుతారు. అక్కడ గేటు పక్కన చెక్కకి మేకులు కొట్టి ఉంటాయి. డ్రైవర్లు బండి తాళం ఆ మేకుకి తగిలించి రెస్టు రూముకి వెళ్ళి పడుకోవాలి. వరస ముందుకి కదిలినప్పుడల్లా కూలీలే బండి జరుపుకుంటారు, డ్రైవర్ని లేపరు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి. మళ్ళీ రాత్రి పదింటికి లేచి తాళం తీసుకుంటారు."

"అంటే పది గంటలు బండి ఒకరిది, తాళం ఊరందరిది." మిల్లీమీటరు గారు టేపు తీశారు. కుడి పక్క గాట్లు నాలుగు, ఎడమ పక్క నాలుగు. కుడివి పడుకునే ముందు పెట్టినవైతే, ఎడమవి లేచాక పెట్టినవి. ఒక్కో జతకీ మధ్య తేడా సరిగ్గా మూడు చుక్కలు. "నాలుగు ట్రిప్పులు, నాలుగుసార్లూ ముప్పై లీటర్లు. ఇన్‌స్పెక్టర్ గారూ, తను దొంగిలించేవాడు తన దొంగతనాన్ని కర్ర మీద చెక్కుకుంటాడా?"

ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డలా అయింది. "సరే, ఎవడో గోడౌన్లో గొట్టం పెట్టి లాగాడనుకోండి. ఇతనూ లాగలేదని ఏంటి రుజువు?"

"మా తమ్ముడి బండి కూడా తాగేస్తోందండీ!" అంది ఆవిడ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"మా తమ్ముడు కూడా ఈ షెడ్డులోనే డ్రైవరు. ఆయన పోయాక ఈ దారి వాడికి వేశారు. పోయిన రెండు ట్రిప్పులూ వాడి బండీ ముప్పై లీటర్లు ఎక్కువ తాగిందట. మరి ఆయన లేడు కదండీ! ఇప్పుడు దొంగ ఎవరు?"

"మీ తమ్ముడు ఇప్పుడెక్కడున్నాడు?" అని మిల్లీమీటరు గారు గట్టిగానే అడిగారు. షెడ్డులో అందరికీ వినపడేంత గట్టిగా.

"పొద్దున్నే వెళ్ళాడండీ, ఈపాటికి గోడౌన్లో ఉంటాడు. వాడూ బావలాగే కర్ర చేయించుకున్నాడు. 'అక్కా, ఇవాళ్టితో సంగతి తేల్చేస్తాను, నువ్వు ధైర్యంగా ఉండు' అన్నాడు."

గలగల ఆగిపోయింది. మేనేజరు తాళాల గుత్తిని పిడికిట్లో బిగించి, మళ్ళీ చల్లగా నవ్వాడు. "ఓనరుగారు ఎదురుచూస్తుంటారు, ఒక్క ఫోను చేసి వస్తాను," అని బయటికి నడిచాడు. మిల్లీమీటరు గారు అలవాటు కొద్దీ రాసుకున్నారు. మూడూ నలభై రెండు, మేనేజరు బయటికి.

రాసుకున్నారంతే. ఆలోచించలేదు.

"గొట్టం సంగతి చూద్దాం," అంటూ ఆయన ట్యాంకు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళారు. మూతకి తాళం ఉంది. మూడో ట్రిప్పు తర్వాత డ్రైవరే వేసుకున్నాడని మేస్త్రి చెప్పాడు. దాని తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడని భార్య చెప్పింది. తాళం మీద ఒక్క గీత లేదు. మూత వైపు నుంచి ఎవరూ తీయలేదు. ఇక ట్యాంకు కింది బోల్టు. మేస్త్రి పడుకుని టార్చి వేశాడు.

"దీనికి ఏళ్ళనాటి రంగూ తుప్పూ పట్టి ఉన్నాయండీ. స్పానరు పళ్ళు పడింది ఒక్కసారే. కొత్త గాటు. అంటే ఆ రోజు తప్ప ఎప్పుడూ విప్పలేదు."

"పై నుంచి తీయలేదు, కింది నుంచి తీయలేదు. కారలేదు. ముప్పై లీటర్లు గాల్లో కలిసిపోయిందా? లేదు. ఇంజనే తాగింది. మేస్త్రీ, ఇంజను బాగున్నప్పుడు ఎక్కువ ఎందుకు తాగుతుంది?"

మేస్త్రి కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత గోక్కోవడం ఆపేశాడు.

"ఎక్కువ... తిరిగితే."

"లీటరుకి ఐదు. ముప్పై లీటర్లకి నూట యాభై. అతను నిద్రపోతుంటే ఈ బండి నూట యాభై కిలోమీటర్లు తిరిగొస్తోంది."

"తిరిగితే మీటర్లో పడాలిగా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీటర్లో ట్రిప్పుకి నాలుగొందలే ఉంది. నేనే చూశాను."

"మేస్త్రీ, స్పీడోమీటరు వైరు గేరుబాక్సులోకి దిగే చోటు చూడు."

మేస్త్రి మళ్ళీ కిందికి దూరాడు. లోపల్నుంచి అతని గొంతు వచ్చింది. "చుట్టూ వేలెడు మందం గ్రీజు ఉందండీ. ఈ నట్టు మాత్రం తళతళా మెరుస్తోంది. విప్పీ బిగించీ అంచులు అరిగిపోయాయి, ఇది ఊడదీస్తే మీటరు తిరగదు కదండీ. ఛీ, నా కళ్ళు పోను! ఫిల్టర్లూ ఇంజెక్టర్లూ విప్పాను గానీ బండి ఎంత తిరిగిందో చెప్పే వైరు వైపు చూడనే లేదు. మైలేజీ పడిందంటే డీజిలే లెక్కపెడతాం సార్, కిలోమీటర్లు ఎవడైనా లెక్కపెడతాడా!"

ఆ తప్పు మేస్త్రి ఒక్కడిదే కాదు. ఓనరు చేశాడు, పోలీసులు చేశారు. చనిపోయినవాడు ఒక్కడే కాస్త దగ్గరికి వచ్చాడు. అందుకే చనిపోయాడేమో అనుకుంటూ మిల్లీమీటరు గారు లారీ వెనక్కి నడిచారు.

"పోను డెబ్భై ఐదు, రాను డెబ్భై ఐదు. ఎక్కడికి?"

వెనక జంట చక్రాలున్నాయి. మోకాలి నొప్పిని తిట్టుకుంటూ ఆయనే వంగి రెండు టైర్ల మధ్య టార్చి వేశారు. అక్కడ పిడికిలంత రాయి ఇరుక్కుని ఉంది. డ్రైవరు చూసి ఉంటే అక్కడ ఒక్క క్షణం ఉండనిచ్చేవాడు కాదు, టైరు పేలిపోతుంది. చివరి ట్రిప్పులో ఇరుక్కున్నది అది. మేస్త్రి చువ్వతో పొడిచి తీశాడు. తెల్లటి రాయి, చేతికి సుద్దలా అంటుకుంటోంది.

"మా దారి మొత్తం తారు రోడ్డు. నల్ల కంకర. ఈ రాయి మాది కాదు," అన్నాడు మేస్త్రి.

ఇన్‌స్పెక్టర్ ఆ రాయిని తీసుకుని చాలాసేపు చూశాడు. ఎగతాళి అంతా ఎటో పోయింది. "తెల్లక్వారీ. గోడౌన్ దాటి కొండల్లోకి వెళ్ళాలి. మూసేసి తొమ్మిదేళ్ళయింది. దూరం... అంతే ఉంటుంది."

ఆ తర్వాత లారీ వెనక తలుపు దించారు. ఎప్పుడూ గోనె బస్తాలు మోసే చెక్కల మీద గుండ్రటి మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి, పెద్ద డ్రమ్ములు దించిన గుర్తులు. మచ్చల చోట చెక్క తెల్లబడి, పీచులు పీచులుగా లేచింది. మేస్త్రి వేలితో రాసి చటుక్కున చెయ్యి లాగేసుకున్నాడు. వేలి కొస మండిపోతోందట.

"ఏదో ఫ్యాక్టరీ విషం," అన్నారు మిల్లీమీటరు గారు. "ఎక్కడా పారబొయ్యడానికి వీల్లేని సరుకు."

"ఆ క్వారీ నీళ్ళే కింద పద్నాలుగు ఊళ్ళకి పంపుల్లో వస్తాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "మా అత్తగారిది అందులో ఒకటి."

ఇన్‌స్పెక్టర్ మాత్రం ఇంకా పూర్తిగా ఓడిపోదలచుకోలేదు. గొంతు సవరించుకుని అన్నాడు. "సరే, ఒప్పుకున్నాను. అతను దొంగ కాదు. కానీ చావు మాత్రం ప్రమాదమే. బోల్టు అనుమానంతో కిందికి దూరాడు, జాకీ జారింది. పోస్టుమార్టంలో నుదుటి ఎముక విరిగిందని ఉంది. ట్యాంకు కింది ఇనుప పట్టీ తగిలింది."

"చక్రాలు ఉన్నాయా, విప్పాడా?"

"ఏంటి?"

"జాకీ జారినప్పుడు బండికి చక్రాలు ఉన్నాయా?"

"ఉన్నాయి. ఫోటోలో ఉన్నాయి. అయితే?"

మిల్లీమీటరు గారు చొక్కా చేతులు మడుచుకున్నారు. "మేస్త్రీ, ఆ జాకీయే ఆ చోటే పెట్టు. ఎంత ఎత్తు లేపి ఉందో ఫోటో చూసి అంతే లేపు." నాలుగూ ఐదుకి లారీ ముందు భాగం జానెడు పైకి లేచింది. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని, చనిపోయినవాడి తల ఉన్న చోట పోలీసులు గీసిన సుద్దగీత దగ్గరికి జరిగి, తల సరిగ్గా అక్కడ పెట్టారు.

"జాకీ వదిలెయ్యి."

"అమ్మో, నా వల్ల కాదండీ!" మేస్త్రి రెండడుగులు వెనక్కేశాడు.

"సార్, పిచ్చి పనులు చేయకండి. బయటికి రండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరో ఒకరు వదలండి. నా నడుం పట్టేస్తోంది."

డ్రైవరు భార్య వచ్చి జాకీ పక్కన కూర్చుంది. పైట నడుముకి దోపుకుంది. జాకీ పిడిని రెండు చేతులా పట్టుకుంది.

"తిప్పనాండీ?"

"ఒక్కసారిగా తిప్పమ్మా. నెమ్మదిగా వద్దు."

ఆవిడ కళ్ళు మూసుకుని తిప్పేసింది. నాలుగు టన్నుల ఇనుము ధబేలున దిగింది. స్ప్రింగులు మూలిగాయి, దుమ్ము లేచింది, బండి ఒక్క ఊపు ఊగి చక్రాల మీద నిలబడిపోయింది. మేస్త్రి దేవుడా అన్నాడు. దుమ్ము కింద నుంచి దగ్గు వినిపించింది.

"టేపు ఇవ్వండి," అన్నారు మిల్లీమీటరు గారు. "నా నుదుటికీ పట్టీకీ మధ్య ముప్పై ఆరు సెంటీమీటర్లు. ఊగినప్పుడు ఇంకో ఆరు తీసెయ్యండి. ముప్పై మిగిలింది. ఇన్‌స్పెక్టర్ గారూ, చక్రాలున్న లారీ జాకీ మీంచి పడితే చక్రాల మీదే పడుతుంది. మనిషి మీద పడదు. ఇక్కడ దర్జాగా పడుకుని పేపరు చదువుకోవచ్చు."

డ్రైవరు భార్య జాకీ పిడి వదల్లేదు. "అంటే ఆయన మీద బండి పడలేదా?"

"లేదమ్మా. పంతొమ్మిదేళ్ళు నడిపిన బండి ఆయన్ని చంపలేదు. ఎవరో తల మీద కొట్టి తెచ్చి ఇక్కడ పడుకోబెట్టారు."

ఆవిడ ఏడవలేదు. చెయ్యి చాపి లారీ బంపరు మీద ఒక్కసారి రాసింది, నిష్కారణంగా తిట్టిన మనిషిని ఓదార్చినట్టు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మిల్లీమీటరు గారు బయటికి పాకి, కూర్చుని, ఊపిరి తీసుకున్నారు. "ఇంకొకటి. మేస్త్రీ, ట్యాంకు బోల్టు విప్పాలంటే నువ్వు జాకీ పెడతావా?"

"ఎందుకండీ? లారీ ఎత్తే ఉంటుందిగా. ఊరికే దూరిపోతాం. లారీవాడెవడూ పెట్టడు."

"మరి ఎవరు పెడతారు?"

"కార్ల వాళ్ళు. కారు కింద జాగా ఉండదు కాబట్టి వాళ్ళకి ఎత్తందే..." మేస్త్రి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

లారీల షెడ్డులో రోజంతా లారీల మధ్య తిరుగుతూ, లారీ కిందికి ఒక్కసారీ దూరని మనిషి. కారులో వచ్చి కారులో పోయే మనిషి. జాకీ జారిందని మొట్టమొదట చెప్పిన మనిషి. అందరూ ఒకేసారి తలుపు వైపు చూశారు. గేటు బయట కారు ఉండాల్సిన చోట ఎండ పడుతోంది.

మిల్లీమీటరు గారు గబగబా నోటుబుక్కు తిరగేశారు. మూడూ నలభై రెండు, మేనేజరు బయటికి. దానికి ముందు లైను ఏంటి? తమ్ముడు గోడౌన్లో, కర్ర చేయించుకున్నాడు, ఇవాళ తేలుస్తానన్నాడు. ఆ ప్రశ్న అడిగింది ఆయనే. అంత గట్టిగా అడిగిందీ ఆయనే.

"అమ్మా, మీ తమ్ముడికి ఫోను చెయ్యి. తొందరగా!"

ఆవిడ పరుగెత్తి బల్ల మీది సంచీలోంచి ఫోను తీసింది. "వాడే ఏదో మాట్లాడి పంపాడండీ. సంచీలో ఉంది, నేను వినలేదు." నొక్కి అందరి మధ్యా పట్టుకుంది. ముందు గాలి హోరు, ఇంజను మోత. తర్వాత గుసగుసగా ఒక గొంతు.

"అక్కా, గట్టిగా మాట్లాడలేను. తాళం మేకుకి తగిలించి, పడుకోవడానికి వెళ్తున్నట్టు వెళ్ళి, వెనక నుంచి వచ్చి క్యాబిన్ పైన టార్పాలిన్ మడతల్లో దూరాను. బావ అన్నది నిజమే అక్కా. బండి బయల్దేరింది. ఇద్దరున్నారు. వెనక నిండా డ్రమ్ములు. ఇప్పుడే గోడౌన్ గేటు దాటాం... ఉండు. ఆపారు. ఎవడికో ఫోనొచ్చింది."

ఇంజను మోత తగ్గింది. దూరంగా ఇంకో గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "...చెప్పండి సార్... రెస్టు రూములోనే ఉంటాడు సార్... చూడలేదు సార్... సరే సార్. బండంతా వెతుకుతాం."

తలుపు తెరుచుకున్న చప్పుడు.

"అక్కా, దిగుతున్నారు."

అక్కడితో ఆగిపోయింది. ఫోను మీద టైము మూడూ నలభై ఐదు. గోడ గడియారంలో నాలుగూ పంతొమ్మిది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే వైర్‌లెస్ లో అరుస్తూ జీపు వైపు పరుగెడుతున్నాడు. ఆవిడ తమ్ముడి నంబరు మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది. అవతల మోగడం లేదు.

ఆవిడ తలెత్తి మిల్లీమీటరు గారి చెయ్యి పట్టుకుంది. "మీరు అన్నీ కొలుస్తారు కదండీ. మా వాడు ఎంత దూరంలో ఉన్నాడు? మనం వెళ్ళేసరికి ఎంతసేపు పడుతుంది?"

రెండొందల కిలోమీటర్లు. జీపులో మూడు గంటల పైన. బండి ఆపి ఇప్పటికే ముప్పై నాలుగు నిమిషాలు. లెక్క ఆయన తలలో ఎప్పుడో తయారైపోయింది. ఆవిడ మొహం చూస్తూ దాన్ని పైకి చెప్పడం మాత్రం ఆయన వల్ల కాలేదు.